రావాల్సిన మనిషి వచ్చిందాకా

మా అమ్మ ప్రభువు బల్ల మానేసిందన్న సంగతి నాకు చెప్పింది మా అమ్మ కాదు. చర్చి ఎదురుగా టీకొట్టు నడిపే పిన్ని చెప్పింది. సోమవారం పొద్దున నేను స్కూటీ మీద మాచవరం హైస్కూలుకి పోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఏమే అమ్మాయ్, మీ అమ్మకి ఒంట్లో బాగుంటల్లేదా? నిన్న రొట్టె పళ్ళెం చేతికిస్తే ముట్టకుండా పక్కామెకిచ్చిందంట గదా. రసం కూడా తీసుకోలేదంట. పోయిన నెలా అంతేనంట. పల్లె పల్లెంతా అదే మాట" అంది.

నాకు ముందు కోపమొచ్చింది. పల్లెకంతా తెలిసిన సంగతి మూడిళ్ళ అవతల కాపురముండే కన్నకూతురికి తెలియకపోవటం ఏమిటి? నేను మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధిలో ఉంటాయి. అమ్మ పోపు వేస్తే నాకు తుమ్మొస్తుంది. అంత దగ్గరుండి కూడా రెండు నెలలుగా ఆమె నా దగ్గర నోరు విప్పలేదు. ఆ రోజు ఎనిమిదో తరగతికి పీడనం పాఠం చెప్పాలి. బోర్డు మీద బొమ్మ వేశాను గానీ ఆలోచన అంతా అమ్మ దగ్గరే ఉంది.

చర్చి సంగతులు తెలియనివాళ్ళకి ఇది అంత పెద్ద విషయం ఎందుకయిందో చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం ఆరాధన చివర గోరంత రొట్టెముక్క, గుక్కెడు కూడా లేని ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే దాన్ని పుచ్చుకోవాలి. దాన్నే బల్ల అంటారు. ఎవరితోనన్నా పగ పెట్టుకున్నవాళ్ళు, మనసులో తప్పు మోస్తున్నవాళ్ళు ఆ రోజుకి ఆగిపోతారు. అందుకని పళ్ళెం దాటేసిన మనిషి మీద అందరి కళ్ళూ పడతాయి. డెబ్బై దాటిన మా అమ్మ, కోడిపిల్లని కూడా గట్టిగా అదిలించని మనిషి, ఏం పాపం చేసి ఉంటుందా అని పల్లెలో ఊహలు మొదలయ్యాయి. మిరప చేను గట్టు దగ్గర ఎవరితోనో మాట తేడా వచ్చిందని ఒకరు, కూతురితోనే గొడవని ఇంకొకరు. నాతోనంట! నా నోరు ఊరికి తెలుసు కాబట్టి ఆ మాటకి బలం కూడా వచ్చింది.

మాది వ్యవసాయం ఇల్లు. చర్చి ఊరవతల దళితుల పల్లెలో ఉంది. మా వీధి ఆడవాళ్ళు ప్రార్థనకని ఆ పక్కకి పోవటం ముప్పై ఏళ్ళ కిందట లేదు. నేను పదో తరగతిలో ఉండగా అమ్మకి కడుపులో గడ్డ లేచింది. ఆపరేషనుకి గుంటూరు తీసుకుపోయే రోజు, మా చేలో మిరపకాయలు కోయటానికొచ్చే ఒకామె పని ఆపి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అమ్మ బతికి ఇంటికొచ్చింది. డాక్టరు బతికించాడని నాన్న, ప్రభువు బతికించాడని అమ్మ. ఆ వాదన నాన్న పోయేదాకా నడిచింది గానీ ఎవరూ గెలవలేదు. అమ్మ కాలవలో బాప్తిస్మం తీసుకుంది, బొట్టు తీసేసింది, వీధిలో రెండేళ్ళు నానా మాటలూ పడింది.

నాన్న చర్చి గడప తొక్కలేదు. శివరాత్రికి కొండ తిరనాళ్ళకి పోయేవాడు, ప్రసాదం తెచ్చి గూట్లో పెట్టేవాడు. కానీ ప్రతి ఆదివారం అమ్మని బండెక్కించుకుని పల్లెకి తీసుకుపోయేది ఆయనే. "మీ దేవుడూ మా దేవుడూ వాళ్ళల్లో వాళ్ళు చూసుకుంటారు గానీ, నువ్వెక్కవే, టయిమయింది" అనేవాడు. అమ్మ లోపలికి పోతే ఆయన ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. చర్చి మీద కట్టిన మైకు సరిగ్గా ఆ బెంచీ వైపే తిరిగి ఉండేది. వద్దన్నా ప్రసంగం మొత్తం చెవిలో పడేది. తిరిగొచ్చేటప్పుడు బండి మీద దాని మీద తీర్పు చెప్పేవాడు.

ఒకసారి గొర్రె సంగతి వచ్చింది. ఆ రోజు బండి మీద వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని నేను కూడా ఉన్నాను.

"మీ అయ్యగారు ఇయ్యాల గొర్రె సంగతి చెప్పినాడు గదే. వందలో ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదిని వదిలేసి దానికోసం పోయినాడంట. బాగానే ఉంది. దొరికిందాకా తిరిగినాడా, పొద్దుగూకిందని మధ్యలో వచ్చేసినాడా? అది సరిగ్గా చెప్పలా."

"దొరికిందాకా తిరిగినాడనే ఉంది" అంది అమ్మ.

"అయితే మంచి రైతే" అన్నాడు నాన్న, గేరు మారుస్తూ.

ఆయన ఆ మాట ఊరికే అనలేదు. అంతకు ముందు ఏడాది మా చూడి బర్రె తాడు తెంపుకుని పోయింది. అప్పుడు ఫోన్లు లేవు. నాన్న కండువా నెత్తికి చుట్టుకుని బయల్దేరి, ఊరూరా అడుగుతూ గురజాల దాటి కృష్ణ ఒడ్డుదాకా పోయాడు. పోయిన మనిషి మూడో రోజు మధ్యాహ్నం బర్రె పలుపు పట్టుకుని తిరిగొచ్చాడు. చెప్పులు తెగిపోయి పాదాలు పగిలి ఉన్నాయి. ఆ మూడు రోజులూ అమ్మ మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. అలాగని మమ్మల్ని పస్తులుంచలేదు. వేళకి కంచాలు పెట్టి, "మీరు తినండి. ఎదురుచూట్టానికి నేనున్నాగా" అని గదమాయించింది. నాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, ఆయనకి వడ్డించి, అప్పుడు తను తిన్నది.

ఆ ఒక్కసారే కాదు, ఆమె పద్ధతే అది. ఇంటికి రావాల్సిన మనిషి రాకుండా కంచం ముందు కూర్చునేది కాదు. నేను చదువుకున్నదాన్ని కదా, పెద్దయ్యాక దీని మీద ఎన్నోసార్లు పోట్లాడాను. "ఇదేం పద్ధతమ్మా, ఆకలేస్తే తిను, నువ్వేమన్నా ఆయన జీతగత్తెవా" అనేదాన్ని. "నీకు తెలవదులే" అనేది. నాకు తెలియదని ఎవరన్నా అంటే ఒళ్ళు మండిపోతుంది. ఆమె అంటే మరీనూ.

రెండేళ్ళ కిందట నాన్న మిరప చేనుకి నీళ్ళు పెట్టి వస్తానని పోయి, గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. అమ్మ ఏడ్చింది, తేరుకుంది, మళ్ళీ చర్చికి పోవటం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమెని స్కూటీ మీద దింపేది నేనే. నాన్నలాగా బెంచీ మీద కూర్చునే ఓపిక నాకు లేదు. దింపేసి ఇంటికొచ్చి పేపర్లు దిద్దుకుని, అయిపోయే వేళకి మళ్ళీ పోతాను. అందుకే లోపల ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

సోమవారం సాయంత్రం బడి నుంచి తిన్నగా అమ్మ దగ్గరికే పోయాను. వరండాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది.

"ఏందమ్మా ఇది? పల్లెలో అందరికీ తెలిసి నాకు తెలియకపోవటమేంది?"

ఆమె తలెత్తలేదు. రెండు రాళ్ళు తీసి పక్కన పడేసింది. "ఆ మధ్య ప్రార్థన కూటాలు పెట్టినారు గదే, జిన్నింగు మిల్లు ఎనక. బయట నించి ఒక దైవజనుడొచ్చినాడు. నమ్మకుండా పోయినోళ్ళు, ఎంత మంచోళ్ళయినా సరే, అగ్గిలోనేనంట. కొన్నాళ్ళు కాదంట, ఎప్పటికీనంట. మొగుడయినా బిడ్డయినా అంతేనంట. ఆడోళ్ళ వైపు చెయ్యి చూపిచ్చి మరీ చెప్పినాడు."

"ఇది కొత్తా? ముప్పై ఏళ్ళ నుంచీ వింటున్న మాటేగా."

"విన్నా. అప్పుడు ఆయన ఇంట్లో ఉన్నాడు. ఇయ్యాల కాకపోతే రేపు నమ్ముతాడులే అనుకునేదాన్ని. ఇప్పుడు రేపెక్కడిదే ఆయనకి?"

నాకు ఆ వచ్చిన పెద్దమనిషిని ఆ మిల్లు దగ్గరే నిలబెట్టి కడిగేయాలనిపించింది. ఎండలో ముప్పై ఏళ్ళు పెళ్ళాన్ని దేవుడి దగ్గరికి మోసిన మనిషి గురించి నీకేం తెలుసురా అనాలనిపించింది. "అయితే పూర్తిగా మానెయ్యి. అలాంటి దేవుడి దగ్గర రొట్టె తినకపోతే ఏం పోయింది?" అన్నాను.

అమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "మానేసినానని నీకెవురు చెప్పినారు?" అంది.

మరి రెండు నెలలుగా చేస్తున్నది ఏమిటి? ఆ మాట నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పలేదు. చేటలో బియ్యం గిన్నెలోకి పోసి, ఒక పిడికెడు తీసి మూల కుండలో వేసింది. తర్వాత ఇంకో పిడికెడు వేసింది. ఇది ఇక్కడి విశ్వాసుల ఇళ్ళల్లో ఉన్న అలవాటు. వండటానికి బియ్యం తీసినప్పుడల్లా మనిషికో పిడికెడు దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం దాన్ని చర్చి సంచిలో పోస్తారు. పాస్టరుగారి ఇంట్లో పొయ్యి దాంతోనే వెలుగుతుంది.

"ఒక్కదానివే ఉన్నావుగా. రెండో పిడికెడు ఎవరిది?"

"మీ నాయనది."

నాన్న ఉన్నప్పుడు "నన్నడక్కుండా నా పిడికెడు ఏస్తావేందే" అని ఊరికే ఎగిరేవాడు. ఒకసారి అమ్మకి జ్వరమొచ్చి ఆయనే వంట మొదలుపెట్టాడు. గుమ్మంలో నేనున్నానని చూసుకోలేదు. బియ్యం కడగబోతూ ఆగి, కుండలో రెండు పిడికిళ్ళు వేశాడు. నమ్మకంతో వేశాడని నేననను. అమ్మ లేచాక కుండ చూస్తుందని తెలుసు ఆయనకి. అంతే అయి ఉండవచ్చు.

నా బుర్రలో పురుగు అప్పుడు తొలచటం మొదలుపెట్టింది. నేను భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. ప్రశ్న అడిగిన పిల్లని కూర్చోమనటం నాకు చేతకాదు, నన్ను నేను కూర్చోబెట్టుకోవటం అసలే చేతకాదు. క్రైస్తవుల్లో అందరూ ఇదే నమ్ముతారా? వేరేగా చెప్పినవాడు ఒక్కడన్నా లేడా? మర్నాడు స్టాఫ్ రూములో ఫోను తీసి వెతికాను. ఇంగ్లీషులో పేజీలకి పేజీలు వచ్చాయి. టిఫిన్ డబ్బా తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఉన్నారు! మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు. చివరికి అందరూ రక్షణ పొందుతారని, ఒక్కళ్ళు కూడా బయట మిగిలిపోరని చెప్పిన పెద్దలున్నారు. నిప్పు లేదని వాళ్ళు అనలేదు. నిప్పు ఉంది గానీ అది కంసాలి నిప్పులాంటిదని, బంగారంలో మష్టు, అంటే మలినం, పోయిందాకానే కాలుస్తుందని, తర్వాత ఆరిపోతుందని వాళ్ళ మాట. తర్వాత వచ్చిన సంఘాలు ఇది తప్పు బోధ అని తోసేశాయి. తోసేసినా మళ్ళీ మళ్ళీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అంటూనే వచ్చారు. నాన్న బండి మీద అడిగిన ప్రశ్నే వీళ్ళూ అడిగారు. దొరికిందాకా అంటే దొరికిందాకానేనా అని. పల్నాడులో టీకొట్టు బెంచీ మీద కూర్చున్న రైతుకీ, ఎప్పుడో ఎడారి దేశాల్లో బతికిన ఆ పెద్దలకీ ఒకే అనుమానం వచ్చిందంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

"అందరూ అంటే అందరూనా?" అన్నాడు.

"అందరూనే."

"మా నాయన్ని నరికినోడు కూడానా?"

మా ఆయన తండ్రి అంటే నాకు మేనమామ, అమ్మకి సొంత అన్న. మా ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకున్న రోజుల్లో ఆయన్ని బస్టాండు దగ్గర చంపారు. చంపినవాడు తర్వాత మామూలుగా ముసలివాడై, మనవళ్ళని ఎత్తుకుని, మంచంలో పోయాడు. "వాడు కూడా ఉంటే ఆ చోటికి నేను రాను. నువ్వూ మీ అమ్మా పోండి" అన్నాడు మా ఆయన. అమ్మేమో ఒక మనిషి లేకపోతే పోనంటోంది, ఈయనేమో ఒక మనిషి ఉంటే పోనంటున్నాడు. ఫోనులో చదివినప్పుడు ఎంతో చక్కగా కనపడిన సంగతి ఇంట్లోకి వచ్చేసరికి ఇలా అడ్డం తిరిగింది. మర్నాడు అమ్మనే అడిగాను.

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ ఆలోచించింది. చచ్చిపోయింది ఆమె అన్న. "వాడూ రావాల్సిందే అయితే రానీ. కానీ వాడికి ఆ నిప్పు చానా కాలం పడతదిలే. మా అన్న కళ్ళల్లోకి చూడగలిగిందాకా బయటికి రాడు" అంది. పొయ్యి ఊది, "అది వాడి సంగతి. మీ నాయన సంగతి చెప్పు" అంది.

శనివారం మధ్యాహ్నం నేను పాస్టరుగారి ఇంటికి పోయాను. ఆయనది మాకన్నా చిన్న వయసు, వెల్దుర్తి వైపు నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయింది. రెండు గదుల ఇల్లు. లోపల ఆయన భార్య అన్నం వారుస్తోంది. గంజి వాసన వస్తోంది. నేను ముందే అనుకుని పోయిన నాలుగు మెత్తని మాటలూ ఆ వాసనకి మర్చిపోయాను.

"పాస్టరుగారూ, మా నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడు?"

ఆయన కంగారుపడ్డాడు. "అది మనం తీర్పు తీర్చేది కాదు టీచరమ్మా" అన్నాడు.

"కూటాల్లో తీర్చేశారుగా. మీరూ స్టేజీ మీదే కూర్చున్నారు. ఒక సంగతి చెప్పండి. మా అమ్మ ప్రతి పూటా రెండు పిడికిళ్ళు వేస్తుంది. ఒకటి మా నాన్నది. నరకానికి పోయేవాడి బియ్యం ఇన్నేళ్ళు మీకెలా అరిగిందండీ?"

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. అన్నాక నాకే సిగ్గేసింది. ఆ ఇంట్లో పిల్లలు తినే అన్నం అది. పాస్టరుగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

"అందరూ రక్షించబడతారన్న బోధ ఒకటుంది అక్కా" అన్నాడు. టీచరమ్మ పోయి అక్కనయ్యాను. "మా ట్రైనింగులో అది తప్పని ఒక్క గంటలో చెప్పేసి పేజీ తిప్పేసినారు. నేనూ తిప్పేసినా. కానీ మా నాయన కూడా నమ్మకుండానే పోయినాడు. ప్రార్థనలో ఆయన మాట నోటిదాకా వస్తది, మింగేస్తా. మీరడిగింది నన్ను ఎవురూ అడగలా ఇంతవరకు."

"అయితే మా అమ్మకేం చెప్తారు?"

"తెలవదు. రమ్మంటే వస్తా."

ఆ సాయంత్రమే వచ్చాడు. అమ్మ కుర్చీ వేసి, తను గుమ్మంలో కింద కూర్చుంది. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆయన బైబిలు తెరవబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నేనొకటి అడుగుతా అయ్యగారూ. నేను పరలోకానికి పోయినాక మా ఆయన నాకు గుర్తుంటాడా?"

పాస్టరుగారు జవాబు చెప్పేలోపు తనే అందుకుంది. "గుర్తుంటే, ఆయన అగ్గిలో ఉన్నాడని తెలిసీ నేనాడ పాటలు పాడతా కూర్చోవాల్నా? గుర్తుండడు అంటారా, నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసినా. అంతా తుడిచేస్తే ఆడికి పోయేది నేనెట్టా అవుతా? ఇంకెవురో ముసల్దాన్ని తీసుకుపోయినట్టుంటది."

నా చేతిలో రెండు డిగ్రీలున్నాయి. నాలుగైదు రోజులు ఫోనులో తల దూర్చాను. ఈ మాట నాకు తట్టలేదు.

"అందుకని బల్ల మానేసినావా అమ్మా?" అన్నాడాయన మెల్లగా.

"మానలేదయ్యగారూ. మీరంతా అట్టనే అనుకుంటన్నారు. ఈ పిల్ల కూడా. నేను ఆగినా." అమ్మ పైట చెంగు వేలికి చుట్టుకుంది. "రావాల్సిన మనిషి రాకుండా నేనేనాడన్నా కంచం ముందు కూర్చున్నానా? ఈ ఇంట్లో కూర్చోనిదాన్ని ఆ ఇంట్లో ఎట్టా కూర్చుంటా? ఆయన లేకుండా నేను ముందు తినేస్తే, ఆయన రాడని నేనే ఒప్పుకున్నట్టవుద్ది గదా. నేనొప్పుకోను."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె అలిగిందనుకున్నాను. దేవుడి మీద కోపమొచ్చిందనుకుని లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. ఆమె చేస్తున్నది బర్రె తప్పిపోయిన నాడు చేసిన పనే. ఆ పనికి ఇన్నేళ్ళూ నేను వెక్కిరింపులే విసిరాను. అటు తిరిగి నిలబడ్డాను.

పాస్టరుగారు ఏదో గుర్తొచ్చినట్టు గబగబా బైబిలు పేజీలు తిప్పాడు. తనలో తను చదువుకున్నాడు, మళ్ళీ చదువుకున్నాడు.

"అమ్మా, ఆఖరి రాత్రి బల్ల దగ్గర ప్రభువు శిష్యులకి గిన్నె ఇచ్చి ఒక మాటన్నాడు. మళ్ళీ తండ్రి ఇంట్లో మీతో కలిసి తాగే రోజు వచ్చిందాకా ఈ రసం నేను ముట్టనని. నేను ప్రతి నెలా ఇది చదువుతా. గబగబా చదివేసి పళ్ళేలు పంచుతా. ఇయ్యాల్టిదాకా నా బుర్రకెక్కలా."

"అంటే?"

"ఆయన కూడా ఆగినాడమ్మా. తినకుండా."

అమ్మ చుట్టిన చెంగు వదిలేసింది. "ఇంకా ఆగే ఉన్నాడా?"

"ఆగే ఉన్నాడు."

"అందరికోసమా?"

ఆయన పుస్తకం మూశాడు. "అందరికోసం అని నేను మైకులో చెప్పలేనమ్మా. చెబితే నన్ను ఇక్కడ ఉండనీరు. కానీ కాదని చెప్పటం కూడా ఇంక నా వల్ల కాదు."

అమ్మ ఆ తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పిల్లలకి దగ్గు తగ్గిందా అని అడిగింది. ఆయన మజ్జిగ తాగి, సైకిలు తీసుకుని పోయాడు. ఆ సైకిలు మీద పోతున్నంతసేపూ ఆయన తన తండ్రి సంగతే ఆలోచిస్తున్నాడని నాకనిపించింది.

మళ్ళీ మొదటి ఆదివారానికి ఇంకా మూడు వారాలు ఉంది. ఆ మూడు వారాలూ అమ్మ ఏం చేస్తుందో తెలియక నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అడిగితే "చూద్దాంలే" అంటుంది. ఆ ఆదివారం ఆమెని దింపి వెనక్కి రాలేదు. చానా ఏళ్ళ తర్వాత లోపలికి పోయి, ఆడవాళ్ళ వరసలో అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. నన్ను చూసి నలుగురు గుసగుసలాడారు. గుమ్మంలోంచి చూస్తే టీకొట్టు బెంచీ కనపడుతోంది. దాని మీద ఎవరూ లేరు.

పాస్టరుగారు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మెల్లగా చదివాడు. ముట్టనన్నాడు, అని చదివి ఆగాడు. ఆ నిశ్శబ్దం ఎందుకో మాకు ముగ్గురికే తెలుసు. తర్వాత పళ్ళెం వరసలోకి వచ్చింది. ముందున్న ఆమె తీసుకుని అమ్మ చేతికి అందించింది. వరసంతా మెడలు సాచి చూసింది. అమ్మ పళ్ళెం పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. రొట్టె ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. రసం కూడా తాగింది. పళ్ళెం నా మీదుగా అవతలామెకి ఇచ్చేసింది, నాకు బాప్తిస్మం లేదు కాబట్టి.

బండెక్కేదాకా నేను ఆగలేకపోయాను. "ఏమ్మా, ఆగుతానన్నదానివి మరి ఎందుకు తీసుకున్నావు? నాన్న సంగతి తేలిపోయిందా ఏంది?"

"తేలేదేముందే. నీ ముందేగా చెప్పినాడు అయ్యగారు. ఆయన ఆగినాడని." వెనక నుంచి నా భుజం పట్టుకుంది. "ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఒకళ్ళుంటే మిగతావాళ్ళు తినొచ్చు. మిమ్మల్ని ఎన్నిసార్లు తినమని చెప్పలా నేను? ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఎదురుచూస్తన్నాననుకున్నా. నాకన్నా పెద్దోడు కూర్చున్నాడంట ఆడ. దొరికిందాకా ఎతికేవాడు. నేనింక తింటానికేంది?"

నాకు నమ్మకం కుదిరిందని చెప్పను. ఆ మాటకొస్తే నాకు ప్రశ్నలు పెరిగాయే తప్ప తగ్గలేదు. మా ఆయన ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఆ దేవుడు, తిండి మానుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడయితే, ఆయన మా అమ్మలాంటివాడేనని మాత్రం అర్థమైంది. అలాంటివాళ్ళతో వాదించి గెలవటం కష్టం.

ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ రెండు దాటాకే తినేది. ఆయన చేను నుంచి బండి మీద వచ్చే వేళ అది. ఆకలి మందగించిందేమో అనుకునేదాన్ని నేను. ఆ రోజు వచ్చీ రాగానే రెండు కంచాలు పెట్టింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, అన్నం. నా ఎదురుగా కూర్చుని, నాతోపాటే ముద్ద కలిపింది. నా నలభై ఆరేళ్ళల్లో మా అమ్మ వేళకి నాతో కూర్చుని అన్నం తినటం అదే మొదటిసారి.

కలిపిన ముద్ద నోటిదాకా తీసుకుపోయి, ఆపి, ఎడమ చేత్తో చిన్న గిన్నె దగ్గరికి లాక్కుంది. గరిటెతో అందులోకి ఒక మనిషికి సరిపడా అన్నం తీసింది. మూత పెట్టి గోడవారగా జరిపింది. నా మొహం చూడకుండా తినటం మొదలుపెట్టింది.

"దోసకాయ పప్పు కూడా తియ్యమ్మా. ఆయనకి ఉత్తన్నం దిగదు" అన్నాను.